కోసిన రింగు

అగ్గిపుల్ల అనేది అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. సన్నగా ఉంటాడనో, చప్పున కోపం వస్తుందనో పెట్టిందీ కాదు, ఆ రెండూ నిజమే అయినా. తొమ్మిదేళ్ళ కిందట ఒక టాక్సీ నడిరోడ్డు మీద తగలబడింది. ముందురోజు దాని పెట్రోలు ట్యాంకు విప్పింది ఇతను. అందుకని వచ్చిన పేరది. పెట్టినవాడు స్వయానా అక్క మొగుడు. పదిమంది ముందు నవ్వుతూ పెట్టాడు. తిడుతూ పెట్టిన పేర్లు రెండు రోజుల్లో రాలిపోతాయి, నవ్వుతూ పెట్టినవే అతుక్కుంటాయి.

అప్పటికి అతను బావ షెడ్డులో చేరి ఇరవై రెండేళ్ళు. మొదటి నాలుగేళ్ళూ లైటు పట్టుకోవడమే ఉద్యోగం. బావ బండి కింద పడుకుంటే పక్కన చతికిలబడి లైటు పట్టాలి. అదేం పని అనుకునేవాళ్ళు ఒక గంట పట్టుకుని చూడాలి. బావ చెయ్యి ఎటు పోతే వెలుగు అటు పోవాలి, బావ తల నీడ నట్టు మీద పడకూడదు, భుజం పీకేస్తున్నా దించకూడదు. దించితే నాలుగు తరాల తిట్లు. ఆ తర్వాత స్పానరు చేతికొచ్చింది. స్పానరు వచ్చాక ఆ షెడ్డుకి పేరు తెచ్చింది అతని చేతులూ చెవులే. ఇంజను మోత విని రోగం చెప్పేవాడు. మెప్పు మాత్రం బావకి వెళ్ళేది, షెడ్డు ఆయనది కాబట్టి.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఆ టాక్సీలాంటి కార్లలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పెట్రోల్లో మునిగి. వెనక సీటు ఎత్తితే గుండ్రటి మూత కనిపిస్తుంది. మూతకీ ట్యాంకుకీ మధ్య గాడిలో ఒక రబ్బరు రింగు. ఆ రింగు ఒకసారి పెట్రోలు తగిలితే ఉబ్బుతుంది, బయటికి తీశాక మళ్ళీ ఆ గాడిలో కూర్చోదు. అందుకని తీసిన రింగుని తీసిన చోటే బ్లేడుతో కోసెయ్యాలి, ఎవడూ బద్ధకించి తిరిగి వెయ్యకుండా. ఈ కట్టుబాటు పెట్టింది బావే. "భోజనం మర్చిపోండి, పెళ్ళాం పేరు మర్చిపోండి, రింగు కొయ్యడం మర్చిపోకండి," అని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం అతను టాక్సీకి కొత్త పంపు వేశాడు. పాత రింగు కోశాడు, కొత్తది వేశాడు, మూత బిగించాడు. కూతురికి జ్వరంగా ఉందని తొందరగా ఇంటికెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున టాక్సీ డ్రైవరు ట్యాంకు నిండా పెట్రోలు కొట్టించుకుని వంతెన ఎక్కుతుంటే వెనక సీటు కింద నుంచి పొగ లేచింది. మనిషి బయటపడ్డాడు గానీ ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. పక్కన ఆగిన బస్సువాళ్ళు మంటలార్పే తెల్లపొడి కొట్టి ఆపేసరికి బండి వెనక సగం బొగ్గయింది.

షెడ్డుకి ఈడ్చుకొచ్చిన ఆ బండిని అతను చూశాడు. కరిగిన మూతని పక్కకి తీస్తే రింగు సగం మిగిలుంది, ఒకచోట గాడిలోంచి బయటికి పొడుచుకొచ్చి. ఉబ్బిన రింగు మాత్రమే అలా కూర్చుంటుంది. దాని అడుగున గాడిలో తెల్లగా ఏదో అంటుకుని ఉంది. మంటలార్పిన పొడే అన్నారు ఎవరో. అతనూ అదే అనుకున్నాడు.

బావ ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, అదే చిత్రం. "ట్యాంకు విప్పింది మా బావమరిది," అన్నాడు. నిజమే. "రింగు సరిగ్గా కూర్చోలేదు," అన్నాడు. అదీ నిజమే. ఆ తర్వాత అందరి ముందూ భుజం తట్టి, "ఇకనుంచి వీణ్ణి అగ్గిపుల్ల అనండిరా, పెట్రోలు దరిదాపులకి రానివ్వకండి," అని నవ్వాడు. అక్క నవ్వలేదు. అక్క అంతకంటే పెద్ద మాట అంది. "నీ చేతిని నేను నమ్మలేనురా. పిల్లలు తిరిగే బండి నీకెలా ఇవ్వను?" అంది. చంకనెత్తుకుని పెంచిన అక్క.

పేరు సంగతి అలా ఉంచండి, అసలు పుండు వేరే. కొత్త రింగు వేశానని అతనికి తెలుసు. వేశాడు. నిజంగా వేశాడా? జ్వరం పిల్ల మీద ధ్యాస ఉండి, కోసిన దాని పక్కనే ఉన్న ఇంకో పాత రింగేదో తీసి వేశాడా? ఏడాది గడిచేసరికి తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయింది. సాయంత్రం సబ్బుతో చేతులు కడుక్కునేటప్పుడల్లా కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు, అడిగితే అది చెబుతుందేమో అన్నట్టు. మనిషికి లోకం మీద నమ్మకం పోతే ఎలాగో బతుకుతాడు. తన చేతి మీద తనకి పోతే మాత్రం, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీక అందరి మీదా చూపిస్తాడు.

బావ షెడ్డు మానేసి, ఇంటి వెనక రేకుల కింద ఒక్క బండి పట్టే చోటు ఉంటే అక్కడే పని పెట్టుకున్నాడు. బ్రేకులు తెచ్చేవారు, క్లచ్చులు తెచ్చేవారు. పెట్రోలు పని మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కరూ తేలేదు. ఆ తొమ్మిదేళ్ళూ అతను బావతో అనాల్సిన మాట ఒకటి తయారు చేసుకుంటూనే ఉన్నాడు. ఒక ఏడాది అది పొడుగ్గా ఉండేది, ఇంకో ఏడాది ఒక్క తిట్టుకి కుదించేవాడు, మళ్ళీ చాలదనిపించి పెంచేవాడు. ఉన్నట్టుండి స్పానరు గాల్లో ఆగిపోయి పెదాలు కదులుతుంటే భార్యకి అర్థమయ్యేది. "మీ బావగారితో మాట్లాడ్డం అయిందా? భోజనం వడ్డించనా?" అని అడిగేది.

ఒకరోజు పొద్దున పదింటికి సందు మొదట్లో ఒక కారు దగ్గి ఆగిపోయింది. ఆ దగ్గు విని అతను తలెత్తలేదు గానీ చెవులు లేచాయి. ఆ ఇంజను అతనికి తెలుసు. తుక్కులోంచి తెచ్చి బావా తనూ కలిసి ప్రాణం పోసిన మీగడరంగు కారు అది. ఆ కారే షెడ్డు ముందు బోర్డులా నిలబడి ఉండేది. ఇప్పుడు ఇద్దరు మనుషులు దాన్ని వెనక నుంచి తోసుకుంటూ వస్తున్నారు. ఒకరు బావ. రెండోవాడు ఆనాటి టాక్సీ డ్రైవరు. బండి కాలిపోయాక బావే పిలిచి తన షెడ్డులో డ్రైవరు పని ఇచ్చాడు, ఎంత జాలిగుండె అని వీధంతా మెచ్చుకుంది. ఎంత ఎండలోనైనా ఆ డ్రైవరు ఎడమచేతి చొక్కా మణికట్టు దాకా దించుకునే ఉంటాడు.

కారులోంచి దిగింది అక్క.

"బాగున్నావా?" అంది, గేటు అవతలే నిలబడి.

"ఉన్నాను. చేతులు కూడా ఉన్నాయి, రెండూ," అన్నాడు.

అక్క ఆ మాట మింగింది. బండి దారిలో ఆగిపోవడం ఇది నాలుగోసారని చెప్పింది. అరగంట నడుస్తుంది, ఆగుతుంది. అరగంట ఊరుకుంటే మళ్ళీ ఏమీ ఎరగనట్టు లేస్తుంది. షెడ్డు ఇప్పుడు చూసుకుంటున్న అల్లుడు ప్లగ్గులు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, పంపుకి కరెంటందించే రిలే మార్చాడు, కంప్యూటరు పెట్టి చూశాడు. కంప్యూటరు బండికి ఏ రోగమూ లేదంది. తుక్కుకి ఇచ్చెయ్యండి మామగారూ అన్నాడు అల్లుడు. ఆయనకి ప్రాణం ఒప్పదు. మొన్న వంతెన మీద ఆగిపోయి, వెనక లారీవాడు మీదికొచ్చేస్తే, చచ్చి బతికామంది.

"నువ్వు చూస్తే తప్ప ఇంక ఈ బండెక్కనని చెప్పేశాను. నీ చెవి కావాలిరా," అంది.

చెయ్యి వద్దు, చెవి కావాలి. అతనికి ఒళ్ళు భగ్గుమంది. బావ గేటు దగ్గరే నిలబడి మురిక్కాలవని దీక్షగా చూస్తున్నాడు. పొమ్మందామనుకున్నాడు. తొమ్మిదేళ్ళు పదును పెట్టిన మాట నాలిక చివరి దాకా వచ్చింది. కానీ ఒక్క మాట అనేసి పంపేస్తే ఆ తర్వాత అనడానికి ఏముంటుంది? పగ కూడా నెమ్మదిగా వండాల్సిందే.

"లోపలికి తొయ్యండి," అన్నాడు.

తాళం తిప్పమన్నాడు, ఇంజను లేపొద్దన్నాడు. తిప్పగానే వెనక సీటు కింద పంపు రెండు క్షణాలు రొదపెట్టి ఆగాలి. పెట్రోలు పోసే గొట్టం దగ్గర చెవి ఆనించాడు. రొద వినిపించింది, కానీ గొంతు రాసుకుపోయినట్టు సన్నగా ఉంది. కొంతసేపు బండిని చల్లారనిచ్చాక పెట్రోలు లైనుకి ఒత్తిడి చూసే మీటరు తగిలించి ఇంజను లేపించాడు. లేచింది. ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

"చూశావా, బాగానే ఉంది. మా అల్లుడూ ఇక్కడి దాకా వచ్చాడు," అన్నాడు బావ, తొలిసారి నోరు విప్పి.

"మీ అల్లుడు ఇక్కడే ఆగాడు. నేను కూర్చుంటాను," అని స్టూలు లాక్కున్నాడు.

రోగం వేడెక్కితే గానీ బయటపడదు. ఇంజను నడుస్తూనే ఉంది. భార్య టీ తెచ్చింది. వదినకీ డ్రైవరుకీ చేతికిచ్చింది. అన్నయ్యగారి గ్లాసు తెచ్చి ఆయనకి నాలుగడుగుల దూరంలో గోడ మీద పెట్టి వెళ్ళింది, కావాలంటే నడిచి తీసుకుంటారు. ఇరవై నిమిషాలకి ముల్లు దిగడం మొదలుపెట్టింది. పంపు రొద దోమ మూల్గులా సన్నబడింది. ఇంజను రెండుసార్లు దగ్గి చచ్చిపోయింది. అతను బండి కిందికి దూరి రబ్బరు సుత్తితో ట్యాంకు అడుగున ఒక్కటి వేశాడు. పంపు ఉలిక్కిపడి రెండు క్షణాలు తిరిగి మళ్ళీ పడుకుంది. వెనక సీటు ఎత్తి వైరు దగ్గర చూస్తే కరెంటు నిండుగా వస్తోంది. అంటే రిలేదీ కాదు, వైర్లదీ కాదు.

"పంపు పోయింది. చల్లగా ఉన్నంతసేపూ నటిస్తుంది, వేడెక్కితే పట్టేస్తుంది," అన్నాడు. "ట్యాంకులో పెట్రోలు ఎంతుంది?"

"పావు," అన్నాడు డ్రైవరు.

"ఆగిన నాలుగుసార్లూ?"

"ఎప్పుడూ పావేగా అగ్గిపుల్లన్నా. ఆరేడు నెలలుగా అయ్యగారు అంతకుమించి కొట్టించనివ్వరు."

"ఎందుకు బావా?"

"ఊరికే బరువెందుకని," అన్నాడు బావ.

పంపుకి చుట్టూ ఉన్న పెట్రోలే చల్లదనం. ట్యాంకు ఎప్పుడూ అడుగంటి ఉంటే పంపు పొడిగా తిరిగి తిరిగి మాడిపోతుందని వీధిలో బఠాణీలమ్మేవాడికి కూడా తెలుసు. ముప్పై అయిదేళ్ళు మెకానిక్కుగా బతికిన మనిషికి పెట్రోలు బరువు గుర్తొచ్చిందంటే అందులో ఏదో ఉంది. అతను ఆ మాటని పక్కన పెట్టుకున్నాడు. సామాను కొట్టుకి వెళ్ళమని డ్రైవరుకి చెప్పాడు. పంపు ఒకటి, దాని అడుగున పెట్టే జల్లెడ ఒకటి, మూత రింగు ఒకటి.

"రింగెందుకురా? ఉన్నది బాగానే ఉంటుంది," అన్నాడు బావ, చప్పున.

రింగు కొయ్యడం మర్చిపోకండన్న నోటితోనే అన్నాడా మాట. అతను బావ మొహంలోకి చూశాడు. బావ మళ్ళీ మురిక్కాలవ వైపు తిరిగాడు.

డ్రైవరు సామాను తెచ్చాక అతను కొత్త రింగుని చొక్కా జేబులో వేసుకున్నాడు. లైన్లో ఒత్తిడి దించాడు, బ్యాటరీ వైరు తీసేశాడు, వెనక తలుపులు రెండూ బార్లా తెరిచాడు. అప్పుడు గోడకి తగిలించిన బ్యాటరీ లైటు తీసి బావ ముందు చాపాడు.

"పట్టుకో."

"డ్రైవరున్నాడుగా?"

"డ్రైవరు పట్టుకుంటే బండి ఇక్కణ్ణుంచి తోసుకుపోవచ్చు. నేను నాలుగేళ్ళు పట్టాను బావా. నువ్వు నలభై నిమిషాలు పట్టు."

బావ అక్క వైపు చూశాడు. అక్క టీ గ్లాసులోకి చూస్తోంది. బావ లైటు తీసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, తలుపు దగ్గర వంగాడు. షెడ్డు యజమాని, పెద్ద మేస్త్రి, బావమరిదికి లైటు పడుతున్నాడు. అతనికి ఆ క్షణం ఎంత బావుందంటే, కావాలని ఒక స్క్రూ మూడుసార్లు బిగించి విప్పాడు.

"నీడ పడుతోంది. ఇటు. ఇంకా ఇటు. చెయ్యి దించకు," అన్నాడు. ఆ మాటలన్నీ బావవే, అక్షరం మార్చకుండా తిరిగిచ్చాడు.

ఇత్తడి కడ్డీ ఆనించి నెమ్మదిగా తట్టి మూత బిగింపు తిప్పాడు. ఇత్తడయితే నిప్పురవ్వ రాదు. మూత ఎత్తాడు, దానితో పాటు పంపు బయటికొచ్చింది, అడుగున జల్లెడ నల్లగా పూడిపోయి. దాన్ని బకెట్లో పెట్టి రింగు కోసం వేలు పెట్టాడు. రింగు ఉబ్బి ఉంది. ఒకచోట గాడిలోంచి బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని ఎత్తితే కింద గాడి పొడుగునా తెల్లగా ఏదో ముద్దకట్టి ఉంది.

అతని చెయ్యి ఆగిపోయింది.

ఈ బండి ఎప్పుడూ తగలబడలేదు. దీని మీద మంటలార్పే పొడి ఎవరూ కొట్టలేదు. చూపుడు వేలితో ఆ తెలుపు కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్రోలు వాసన వెనకాల, సన్నగా, గులాబీ వాసన. ఒంటికి రాసుకునే పౌడరు.

తీసిన రింగుని ఎండలో పడేస్తే పెట్రోలు ఆరి కొంచెం కుంచించుకుంటుంది. దానికి పౌడరు దట్టించి నెడితే జారి గాడిలో కూర్చున్నట్టే ఉంటుంది. ట్యాంకు నిండితే మళ్ళీ ఉబ్బి తన్నుకొస్తుంది. అందుకే ఆరేడు నెలలుగా పావు. అందుకే బరువన్న సాకు. అతనికి మొత్తం ఒక్కసారిగా కళ్ళకి కట్టింది, ఈ బండిదీ, ఆ టాక్సీదీ. రింగు కింద తెలుపు. రింగు పైన పడిన మంటలార్పే పొడి దాని కిందకెలా పోతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

కొత్త రింగు వేశాడు. తను వేశాడు. తన చెయ్యి తప్పు చెయ్యలేదు.

తలెత్తేసరికి బావ లైటుని పక్కకి తిప్పేశాడు. తను చూసింది బావ చూశాడు.

అతను రింగుని వేలికి తగిలించుకుని బయటికొచ్చి అక్క ముందు పట్టుకున్నాడు. "వాసన చూడక్కా."

అక్క చూసింది. మళ్ళీ చూసింది. ఆమె మొహంలో ముందు ఏమీ అర్థం కాని తనం కనిపించింది, తర్వాత అర్థమైంది. "ఇది నా పౌడరు," అంది. "డబ్బా తెచ్చిన పది రోజులకి సగం అయిపోయేది. కూతుర్ని తిట్టాను, పనిమనిషిని మానిపించాను. ఏమండీ, ఎన్నేళ్ళనుంచి?"

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రబ్బరు రింగు పట్టింది.

బావ గేటు వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడు అతను ఎడమచేతిలో పాత రింగూ, కుడిచేతిలో బ్లేడూ పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ళు తయారుచేసిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. వాటి అవసరమూ కనిపించలేదు.

"కొత్త రింగు నా జేబులో ఉంది బావా, నువ్వు నోరు విప్పేదాకా బయటికి రాదు. లేదంటావా, ఈ పాతదే తీసుకో. ఎండ బాగానే ఉంది, మా ఇంట్లోనూ పౌడరుంది. నువ్వే రాసి నువ్వే బిగించు. ట్యాంకు నిండా కొట్టించి, అక్కని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆ వంతెన మీదుగా ఇంటికెళ్ళు."

బావ కింద పెట్టడం మర్చిపోయిన లైటు పట్టపగలు ఆయన చేతిలో వెలుగుతూనే ఉంది.

"ఆ సాయంత్రం వీడొచ్చి పెట్రోలు చూపించే ముల్లు కదలడం లేదన్నాడు," అన్నాడు చివరికి, డ్రైవరు వైపు చూడకుండా. "అదీ ఆ మూత కిందే కదా, విప్పి సరిచేశాను. నువ్వు వేసిన కొత్త రింగు అప్పటికే ఉబ్బింది. షెడ్డులో ఇంకోటి లేదు, కొట్టు మూసేశారు. పొద్దున్నే బండి కావాలన్నాడు. ఎప్పుడూ చేసే పనేగా అనుకున్నాను. అప్పటిదాకా ఏమీ కాలేదురా. నా షెడ్డు పేరు పోతుందని భయపడ్డాను."

"నీ పేరు నిలబెట్టుకోవడానికి నాకు పేరు పెట్టావు," అన్నాడు అతను. చెప్పాలనుకున్నంత గట్టిగా రాలేదు ఆ మాట.

"ముల్లు కదలడం లేదని చెప్పింది నేనే," అన్నాడు డ్రైవరు, తనలో తను అనుకుంటున్నట్టు. "చెప్పి టీకి వెళ్ళాను. వచ్చేసరికి బాగైందన్నారు. విప్పారని నాకు తెలీదు." డ్రైవరు ఎడమచేతి గుండీ విప్పి, చొక్కా మోచేతి పైదాకా మడిచాడు. ముడుచుకుపోయిన ఆ చేతిని బావకి చూపించాలని కాదు, ఊరికే మడుచుకున్నాడు, ఇక దాచాల్సిన పనిలేనట్టు. కారు తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టి, "రేపట్నుంచి నేను రాను," అని గేటు దాటి వెళ్ళిపోయాడు.

అతను బ్లేడుని బావ చేతిలో పెట్టాడు. "కొయ్యి. నువ్వు పెట్టిన కట్టుబాటేగా."

బావ కోశాడు. మూడుసార్లు గీస్తే గానీ తెగలేదు. అతను ఒక ముక్క బావ చొక్కా జేబులో పెట్టాడు, ఒకటి తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ తర్వాత పని మొదలుపెట్టాడు. గాడిని గుడ్డతో మూడుసార్లు తుడిచాడు. పాత పంపు విప్పి కొత్తది పెట్టి, కొత్త జల్లెడ తొడిగి, క్లిప్పు బిగించి, కొత్త రింగుని నాలుగు వైపులా వేలితో నొక్కి కూర్చోబెట్టాడు. ఏదో ఒకటి వదులుగా వదిలెయ్యాలన్న ఆలోచన రాలేదని కాదు. వచ్చింది. రెండుసార్లు వచ్చింది. కానీ పగ వేరు, బిగింపు వేరు. పైగా ఈ చెయ్యి ఇప్పుడే నిర్దోషి అని తేలింది, దాన్ని మళ్ళీ పాడుచేసుకునేంత పిచ్చివాడు కాదు.

తాళం తిప్పాడు. పంపు రెండు క్షణాలు నిండుగా రొదపెట్టి ఆగింది. ఇంజను లేచింది. గంటసేపు నడిపినా ముల్లు దిగలేదు. "ఇప్పుడు నిండా కొట్టించుకో," అని తాళంచెవి ఇచ్చాడు. బావ ఏదో అనబోయాడు. అతను వెనక్కి తిరిగి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఈసారి చేతిని తిప్పి చూసుకోలేదు.

బావ ముందు తలుపు తెరిచి అక్క కోసం ఆగాడు. "మీరు వెళ్ళండి, నేను నడిచొస్తాను," అంది అక్క. కారు వెనకాల, ఎండలో, రెండు వీధులు దాటేదాకా ఆమె నడుస్తూనే కనిపించింది. గోడ మీద చల్లారిపోయిన టీ పారబోస్తూ అతని భార్య, "పౌడరు మేస్త్రిగారు టీ కూడా తాగలేదు పాపం," అంది.

ఆ పేరు మర్నాటికి వీధి చివరకి పోయింది, వారం తిరక్కుండా అల్లుడి చెవిన పడింది. ఇప్పుడు ఆ షెడ్డులో ట్యాంకు విప్పితే బండివాడు పక్కనే నిలబడి, "రింగు నా ముందు కొయ్యండి," అంటున్నాడట. అది విన్న రోజు అతను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. తన పాతపేరు పోతుందని కూడా ఆశపడ్డాడు గానీ అది పోలేదు. "పెట్రోలు పనా? అగ్గిపుల్ల దగ్గరికి తీసుకెళ్ళు," అంటున్నారు, పైగా గౌరవంగా. దానికి మాత్రం ఇప్పటికీ మండిపడతాడు.

బావ వచ్చి వెళ్ళిన నాలుగో రోజు డ్రైవరు వచ్చాడు, వేరే యజమాని కారేదో తోలుకుని. గేటు దగ్గర ఆగి, "మేస్త్రీ, ట్యాంకు విప్పాలి," అన్నాడు. బావ కారుని పక్కన పెడితే తొమ్మిదేళ్ళలో మొదటి పెట్రోలు పని. అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఇన్నేళ్ళు అగ్గిపుల్లన్నా అని పిలిచిన నోరు కదా, "ఆ స్టూలు మీద కూర్చో, చేతిలో పని ఉంది," అన్నాడు. పనేమీ లేదు. ఉన్న స్పానర్లన్నీ ఒకసారి తుడిచి, మళ్ళీ తుడిచి, గంటన్నర తర్వాత లేచాడు.

మూత విప్పి గాడి తుడుస్తుండగా అక్క వచ్చింది, నడుచుకుంటూ. ఈసారి గేటు అవతల ఆగలేదు. రేకుల కిందికొచ్చి, గోడకి మేకు మీద వేలాడుతున్న కోసిన రింగు ముక్కని చూసింది.

"తమ్ముడూ," అంది. "ఆ రోజు నేనన్న మాట..."

"ముందు ఈ లైటు పట్టుకో," అన్నాడు.

అక్క పట్టుకుంది. కొంగు బొడ్లో దోపుకుని, వంగి, అతని తల నీడ పడకుండా సరిగ్గా పట్టుకుంది. అతను పంపు దింపాడు, రింగు కూర్చోబెట్టాడు, మూత బిగించాడు. బిగించాక గుడ్డ తీసుకుని, తుడిచిన మూతనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. అక్క లైటుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకోవడం అతనికి కనిపిస్తూనే ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు, పావుగంట, ఇరవై నిమిషాలు. పని ఎప్పుడో అయిపోయిందని అక్కకీ తెలుసు, ముప్పై ఏళ్ళకి పైగా మెకానిక్కు పెళ్ళాం కదా. లైటు మాత్రం దించలేదు.